ఖాళీ బండికే కష్టాలెక్కువ

బురదలో పికప్ వెనక చక్రాలకు పట్టు తెప్పించే మార్గాలకు కొదవ లేదు. అవి అవసరమైనవాడికి అందడమే తక్కువ

సిమ్లా జిల్లా కోట్‌ఖాయీ పైన ఆపిల్ తోటల్లోకి వెళ్లే లింకు రోడ్డు అది. ఆగస్టు నెల. రాత్రంతా కురిసిన వాన తెల్లవారుజామున తెరిపి ఇచ్చింది. ముందురోజు కోసి అట్టపెట్టెల్లో సర్దిన కాయలు పైన తోటలో టార్పాలిన్ కింద ఎదురుచూస్తున్నాయి. కింద మలుపులో తెల్ల పికప్ ఒకటి ఆగిపోయింది. ఎడమవైపు వెనక చక్రం బురద చిమ్ముతూ గిర్రున తిరుగుతోంది. కుడివైపుది గట్టి రాతి మీద ఉండి కూడా ఉలకదు, పలకదు. ఇంజన్ మాత్రం లోయంతా వినపడేలా అరుస్తోంది. వింతేమిటంటే బండిలో ఒక్క పెట్టె కూడా లేదు. "ఖాళీగా ఉంది కాబట్టే ఈ తిప్పలు సాబ్. లోడుంటే ఎప్పుడో ఎక్కేసేది" అన్నాడు డ్రైవర్, చక్రం కింద రాళ్లు దోపుతూ.

ఏ ఇంజనీరింగ్ కాలేజీలోనూ చదవని ఆ డ్రైవర్ చెప్పింది అక్షరాలా నిజం. పికప్‌ను తయారు చేసేది సరుకు మోయడానికి. ఇంజన్, గేర్‌బాక్స్, క్యాబిన్ అన్నీ ముందే ఉంటాయి. వెనక ఉండేది ఖాళీ తొట్టి, దాని కింద కమాన్ పట్టీలు, యాక్సిల్. కానీ బండిని నెట్టాల్సింది వెనక చక్రాలే. అంటే బరువు ఒకచోట, పని మరోచోట. తొట్టి నిండినప్పుడే ఆ రెండూ ఒకచోటికి వస్తాయి. తోట దగ్గరికి ఎక్కేటప్పుడు మాత్రం బండి ఖాళీగానే ఉంటుంది కదా.

ఇది ఒక డ్రైవర్ అవస్థ మాత్రమే కాదు. హిమాచల్‌లో ఆపిల్ కోతలు జూలైలో మొదలై అక్టోబర్ దాకా సాగుతాయి. వానలు దంచికొట్టేదీ ఆ నెలల్లోనే. తోట నుంచి తారు రోడ్డుకు, అక్కడి నుంచి మండీకి సరుకు చేర్చే భారంలో పెద్ద వాటా పికప్‌లదే. కోసిన కాయకు రోజులు లెక్క. 2023 వర్షాకాలంలో రోడ్లు తెగిపోయినపుడు రోహ్రూ ప్రాంతంలో ఆపిల్ కాయల్ని వాగులో పారబోసిన దృశ్యాన్ని దేశమంతా చూసింది. కొండచరియలు విరిగిపడితే ఏ బండీ చేయగలిగింది లేదు. కానీ రోడ్డు ఉండీ, బండి ఉండీ, వంద గజాల బురద ముక్క దగ్గర పని ఆగిపోవడం వేరే సంగతి. దానికి మందు ఉంది.

ముందు రోగం ఏమిటో చూద్దాం. చక్రం ఎంత బలంగా నెట్టగలదనేది రెండు విషయాల మీద ఆధారపడుతుంది. ఒకటి, దానిమీద ఉన్న బరువు. రెండోది, టైరుకూ నేలకూ మధ్య ఉన్న పట్టు. పొడి తారు రోడ్డు మీద బరువులో దాదాపు 70 శాతం దాకా నెట్టే బలంగా మారుతుంది. తడి బురదలో అది 20 శాతానికి పడిపోవచ్చు. గడ్డకట్టిన మంచు మీద 10 శాతమే మహా ఎక్కువ.

ఉదాహరణకు 1,700 కిలోల ఖాళీ పికప్‌ను తీసుకుందాం. వెనక యాక్సిల్ మీద పడేది 40 శాతం అనుకుంటే 680 కిలోలు. 20 శాతం పట్టున్న బురదలో అది ఇవ్వగల బలం 136 కిలోలు. పదికి ఒకటి చొప్పున లేచే చిన్న ఎగువ ఎక్కాలంటే కావలసింది 170 కిలోలు. బురద వెనక్కి లాగే బలాన్ని లెక్కలోకి తీసుకోకుండానే 34 కిలోల లోటు. అదే బండిలో టన్ను సరుకు వేసి, అందులో 900 కిలోలు వెనక యాక్సిల్ మీద పడ్డాయనుకోండి. నెట్టే బలం 316 కిలోలకు పెరుగుతుంది. ఎక్కడానికి కావలసింది 270 మాత్రమే. లోడుంటే ఎక్కేసేదని డ్రైవర్ అన్నది ఇందుకే. ఎంత పెద్ద ఇంజనున్నా ఈ లెక్క మారదు. జారే చక్రానికి ఎంత బలమిచ్చినా అది ఇంకా వేగంగా జారుతుందంతే.

దీనికితోడు డిఫరెన్షియల్ ఒకటుంది. మలుపు తిరిగేటప్పుడు బయటివైపు చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ. రెండింటినీ ఒకే ఇరుసుకు బిగిస్తే టైర్లు ఈడ్చుకుపోతాయి. ఆ బాధ తప్పించేదే డిఫరెన్షియల్. కానీ మామూలు డిఫరెన్షియల్‌ది గుడ్డి సమానత్వం. రెండు చక్రాలకూ ఎప్పుడూ ఒకే బలాన్ని పంచుతుంది. బురదలో ఉన్న చక్రం 68 కిలోలకు మించి తీసుకోలేకపోతే, రాతి మీద ఉండి 238 కిలోలు తీసుకోగల రెండో చక్రానికీ అది ఇచ్చేది 68 కిలోలే. ఆ మలుపులో కుడి చక్రం రాతి మీద ఉండీ ఉలకనిది ఇందుకే. బలహీనుడి స్థాయికి బలవంతుణ్ని దించే ఈ పద్ధతికి తారు రోడ్డు మీద తిరుగులేదు. బురదలో మాత్రం అదే శాపం.

విచిత్రంగా, ఈ శాపానికి విరుగుడు మన పల్లెల్లో ప్రతి ట్రాక్టర్ డ్రైవర్‌కూ తెలుసు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో దమ్ము చేసేటప్పుడు ఒక చక్రం ఊబిలో దిగి ఊరికే తిరుగుతుంటే డ్రైవర్ కాలి దగ్గరున్న డిఫరెన్షియల్ లాక్ పెడల్ తొక్కుతాడు. రెండు చక్రాలు ఒక్కటై తిరుగుతాయి. ట్రాక్టర్ బయటపడుతుంది. పెడల్ వదిలేస్తాడు. మన ఉదాహరణలోని బండికి ఈ లాక్ ఉంటే ఒక చక్రం 68, రెండోది 238, మొత్తం 306 కిలోల బలంతో ఎగువ అవలీలగా ఎక్కేసేది.

మరి లాక్ లేని బండి ఉన్నవాడు ఏం చేయాలి? ఖర్చు లేని మార్గాలతో మొదలుపెట్టడం మంచిది. మొదటిది కొత్తగా ఏదీ బిగించడం కాదు, అనవసరంగా బిగించింది తీసేయడం. ఎక్కువ లోడు కోసం వెనక అదనపు కమాన్ పట్టీలు వేయించడం ఈ వ్యాపారంలో సర్వసాధారణం. టన్నుకు తయారైన బండిలో రెండు టన్నులు వేస్తే బండి కుంగకుండా నిలబడుతుంది కానీ, ఖాళీ అయ్యాక ఆ కమాన్ అసలు వంగదు. గతుకుల్లో వెనక చక్రం ఎగిరెగిరి పడుతుంది. గాలిలో ఉన్న క్షణంలో చక్రానికి పట్టు సున్నా. దిగేటప్పుడు అత్యాశగా వేసిన లోడుకు ఎక్కేటప్పుడు చెల్లించే వడ్డీ ఇది. పైగా బ్రేకులు, యాక్సిల్, టైర్లు పాత లెక్క ప్రకారమే ఉంటాయి. హిమాచల్‌లో 2024 సీజన్ నుంచి 20 కిలోల యూనివర్సల్ కార్టన్‌ను తప్పనిసరి చేశారు. అంటే టన్నుకు 50 పెట్టెలు. ఎన్ని పెట్టెలు ఎక్కువయ్యాయో ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

రెండోది గాలి. నిండు లోడుకు సరిపడేలా గట్టిగా గాలి కొట్టించి, ఖాళీగా ఉన్నా అలాగే తిప్పే డ్రైవర్లే ఎక్కువ. అలాంటి టైరు నేలను నడిమధ్యనే తాకుతుంది. ఖాళీ బండికి కంపెనీ చెప్పిన మేరకు తగ్గిస్తే టైరు పరుచుకుని ఎక్కువ నేలను పట్టుకుంటుంది. మెత్తటి నేలలో, ఇసుకలో దీని ఫలితం వెంటనే కనిపిస్తుంది. అయితే సరుకు వేసేముందు తిరిగి గాలి కొట్టాల్సిందే. తక్కువ గాలితో లోడు లాగితే టైరు వేడెక్కి పగులుతుంది, ట్యూబ్‌లెస్ అయితే రిమ్ము నుంచి జారిపోవచ్చు కూడా. బండిలో ఒక గేజి, బ్యాటరీతో నడిచే చిన్న పంపు ఉంటే ఈ పని రోడ్డు పక్కనే అయిపోతుంది.

మూడోది టైరు. చట్టం 1.6 మిల్లీమీటర్ల గాడి ఉంటే చాలంటుంది. తారు రోడ్డుకు అది కనీస హద్దు, బురదకు అది నున్నటి టైరుతో సమానం. లారీల వాళ్లు ముందు నిలువు గాళ్ల టైర్లు, వెనక అడ్డంగా లోతైన గాళ్లున్న లగ్ టైర్లు వేయడం వెనక తర్కం ఉంది. ముందుది తిప్పడానికి, వెనకది తవ్వి నెట్టడానికి. పికప్‌కూ ఇదే వర్తిస్తుంది. లగ్ టైరు తారు మీద చప్పుడు చేస్తుంది, కాస్త డీజిల్ ఎక్కువ తాగిస్తుంది, తడి తారు మీద బ్రేకు దూరం పెరగవచ్చు. నెలలో 25 రోజులు హైవే మీద తిరిగే బండికి ఇది దండగ. వానాకాలమంతా తోటల్లో తిరిగే బండికి ఇంతకన్నా మంచి పెట్టుబడి లేదు.

నాలుగోది బరువు. రెండు క్వింటాళ్ల ఇసుక బస్తాలు సరిగ్గా వెనక యాక్సిల్ మీద పెట్టి కట్టేస్తే మన లెక్కలో నెట్టే బలం 136 నుంచి 176కు పెరుగుతుంది. బండి బరువూ పెరిగింది కాబట్టి కావలసింది 190. లోటు 34 కిలోల నుంచి 14కు తగ్గింది కానీ తీరలేదు. అలాగే మంచి టైరుతో పట్టు 20 నుంచి 25 శాతానికి పెరిగిందనుకుంటే ఒక్క టైరుతో వచ్చేది 170. సరిగ్గా అంచు మీద నిలబడతాం. రెండూ కలిపితే? 220. కావలసిన 190 కన్నా ఎక్కువే. మెకానిక్ షాపుల్లో చెప్పని ముఖ్యమైన విషయం ఇదే. ఏదో ఒక్క పరికరం అద్భుతం చేయదు. చిన్న చిన్న లాభాలు కూడితేనే బండి కదులుతుంది.

బస్తాల విషయంలో రెండు జాగ్రత్తలు తప్పనిసరి. వాటిని తొట్టి చివర, యాక్సిల్‌కు వెనక పెట్టకూడదు. అలా పెడితే ముందు చక్రాలు తేలికై స్టీరింగ్, బ్రేకు మాట వినవు. కట్టకుండా వదిలేయకూడదు. గట్టిగా బ్రేకు వేస్తే బస్తా నేరుగా క్యాబిన్ మీదికే వస్తుంది. ఒక సౌలభ్యం ఏమిటంటే, మరీ ఇరుక్కుపోతే అదే ఇసుకను చక్రాల కింద చల్లుకోవచ్చు. సరుకు ఎక్కించే చోట బస్తాలు దింపేయవచ్చు.

శీతాకాలంలో సమస్య మారుతుంది. మంచు కురిసినపుడు మనాలీ నుంచి సోలంగ్ వైపు, 2020లో ప్రారంభమైన అటల్ టన్నెల్ వైపు ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లను, చెయిన్లు కట్టిన వాటిని మాత్రమే పోలీసులు వదలడం ఏటా చూసేదే. గట్టి మంచు మీద బస్తాలు, గాలి తగ్గించడం లాంటివి పెద్దగా అక్కరకు రావు. చెయిన్లకు సాటి లేదు. కొన్ని వేల రూపాయల ఖర్చు. వెనక చక్రాలు నడిపే బండికి వెనక రెండు చక్రాలకూ కట్టాలి, ఒక్కదానికి కాదు. నెమ్మదిగా నడపాలి. మంచు లేని తారు వచ్చిన వెంటనే విప్పేయాలి. లేకపోతే చెయిన్ తెగుతుంది, లేదా టైరు పోతుంది.

పైసా ఖర్చు లేని కిటుకు మరొకటుంది. హ్యాండ్‌బ్రేక్ వెనక చక్రాలకు పనిచేసే బండ్లలో, ఒక చక్రం తిరుగుతున్నప్పుడు హ్యాండ్‌బ్రేక్‌ను రెండు మూడు పళ్లు లాగి, నెమ్మదిగా యాక్సిలరేటర్ ఇస్తే, ఊరికే తిరిగే చక్రానికి అడ్డు తగులుతుంది. అక్కడ అడ్డు పెరిగినంత బలమూ డిఫరెన్షియల్ పుణ్యమా అని రెండో చక్రానికీ చేరుతుంది. ఖరీదైన బండ్లలో ఎలక్ట్రానిక్ ట్రాక్షన్ కంట్రోల్ చేసేది ఇదే పని, కాకపోతే జారే చక్రానికి మాత్రమే, క్షణంలో చేస్తుంది. చేతి కిటుకు చిన్న గుంటల నుంచి గట్టెక్కిస్తుంది. కిలోమీటర్ల తరబడి చేస్తే బ్రేకు లైనింగు కాలుతుంది.

ఇక అసలు మందు, డిఫరెన్షియల్‌కే మార్పు. ఇందులో మెట్లున్నాయి. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్‌లో క్లచ్ పళ్లేలు రెండు చక్రాల మధ్య తేడాను కొంతవరకు అదుపు చేస్తాయి. తారు మీద ఇబ్బంది పెట్టదు కానీ పళ్లేలు అరుగుతాయి, దానికి తగిన నూనే పోయాలి. గేర్లతో పనిచేసే రకానికి అరుగుదల తక్కువ, అయితే ఒక చక్రం పూర్తిగా గాలిలోకి లేస్తే అది చేతులెత్తేస్తుంది. తనంత తానే బిగిసే మెకానికల్ లాకర్ మరో మెట్టు. రెండు చక్రాల వేగంలో తేడా నిమిషానికి సుమారు 100 చుట్లు దాటితే బిగుసుకుంటుంది, బండి వేగం అందుకున్నాక విడిపోతుంది. చివరిది డ్రైవర్ మీట నొక్కితే గాలితోనో, కరెంటుతోనో బిగిసే పూర్తి లాకర్. ట్రాక్టర్ పెడల్‌కు ఇది తమ్ముడు.

లాకర్‌కూ దోషాలున్నాయి. బిగించి ఉంచి తారు రోడ్డు మీద మలుపు తిప్పితే బండి తిరగనని మొండికేస్తుంది, యాక్సిల్ షాఫ్టుల మీద ఒత్తిడి పడుతుంది. ఒక పక్కకు వాలుగా ఉన్న జారుడు బాటలో రెండు వెనక చక్రాలూ ఒకేసారి జారితే తోక భాగం లోయవైపు పోతుంది. మామూలు డిఫరెన్షియల్ ఉన్న బండిలో తిరగని చక్రమే దాన్ని పట్టి ఉంచుతుంది. అందుకే కొండ అంచున లాకర్ అనేది ఎప్పుడు వాడాలో, ఎప్పుడు వాడకూడదో తెలిసినవాడి చేతిలోనే ఉండాలి. డిఫరెన్షియల్ లోపలి పళ్లను వెల్డింగ్ చేయించి శాశ్వతంగా బిగించే చిట్కాను మాత్రం ఎవరు చెప్పినా వినొద్దు. తిరిగి విప్పే దారి లేని లాకర్ కొండ రోడ్డు మీద ప్రమాదాన్ని వెంటేసుకుని తిరగడమే.

ఫోర్ వీల్ డ్రైవ్ అన్నిటికన్నా నేరైన జవాబు. ముందు చక్రాల మీదున్న 60 శాతం బరువు కూడా పనిలోకి వస్తుంది. మన ఖాళీ బండి అదే బురదలో 136కు బదులు 340 కిలోల బలం ఇస్తుంది. బొలేరో పికప్‌లో, టాటా యోధాలో ఫోర్ వీల్ డ్రైవ్ రకాలు వచ్చాయి. 2016లో ఉత్పత్తి మొదలైన మన శ్రీసిటీ ప్లాంటు నుంచి ఇసుజు వి-క్రాస్ కూడా వచ్చింది. కానీ కొనేటప్పుడు ఎక్కువ ధర, రోజూ ఎక్కువ డీజిల్, ఎక్కువ మరమ్మతు. ఏడాదిలో నాలుగు నెలల బురద కోసం పన్నెండు నెలల వాయిదా కట్టాలి. సొంతంగా ఒకే బండి నడుపుకునేవాడికి ఆ లెక్క కుదరడం కష్టం.

కాబట్టి అతనికి సరిపోయేది మధ్యేమార్గం: టూ వీల్ డ్రైవ్ బండి, వెనక లాకర్. సరిగ్గా అదే మార్కెట్లో కరవు. 2020లో వచ్చిన కొత్త థార్‌లో మెకానికల్ లాకర్ ఉంది. 2021 నాటి బొలేరో నియో పై రకంలో ఉంది. ఫోర్స్ గూర్ఖాలో ముందూ వెనకా రెండింటికీ లాకులున్నాయి. 2022లో మన దేశానికి వచ్చిన టయోటా హైలక్స్ పికప్‌లో ఎలక్ట్రానిక్ లాకర్ ఉంది, అప్పటి ప్రారంభ ధర రూ. 33.99 లక్షలు. 2023లో బొలేరో మాక్స్ పికప్ శ్రేణి మొదలైంది రూ. 7.85 లక్షలతో. ఇలాంటి మామూలు సరుకు పికప్‌లో ఓపెన్ డిఫరెన్షియలే రివాజు. అంటే ఆదివారం సరదాకు బురద వెతుక్కుంటూ వెళ్లేవారికి లాకర్ దొరుకుతోంది. రోజూ పొట్టకూటికి బురదలో దిగేవారికి దొరకడం లేదు.

గిరాకీ లేదు కాబట్టి ఇవ్వడం లేదన్నది కంపెనీలు చెప్పగల వాదన. సరుకు బండి కొనేవాడు ప్రతి వెయ్యి రూపాయలూ లెక్క చూసుకుంటాడన్నది నిజమే. కానీ ఇదే రైతు ట్రాక్టర్ కొనేటప్పుడు డిఫరెన్షియల్ లాక్ కావాలా అని ఎవరూ అడగరు. అది బండితోపాటే వస్తుంది. పొలంలో చక్రం తిరిగితే పని ఆగుతుందని ట్రాక్టర్ కంపెనీలకు తెలుసు. తోట బాటలో చక్రం తిరిగినా పని ఆగుతుందని ఆ కంపెనీలకు తెలియదా? ట్రాక్టర్లూ పికప్‌లూ రెండూ తయారు చేసే మహీంద్రా లాంటి సంస్థకైనా తెలిసే ఉండాలి. అందరికీ తప్పనిసరి చేయనక్కర్లేదు. కొండ జిల్లాల్లో అమ్మే బండికి కోరుకున్నవారికి ఫ్యాక్టరీలోనే బిగించి, వారంటీతో, అదే రుణంలో కలిపి ఇస్తే చాలు.

ప్రభుత్వాల బాధ్యతా ఉంది. గ్రామీణ సడక్ యోజన నాలుగో దశ కింద 62,500 కిలోమీటర్ల రోడ్లకు కేంద్రం 2024 సెప్టెంబర్‌లో ఆమోదం తెలిపింది. మంచి రోడ్డును మించిన ట్రాక్షన్ పరికరం లేదు. అయితే ఆ రోడ్లు ఊరి దాకా వస్తాయి, తోట దాకా రావు. వడగళ్ల నుంచి చెట్టును కాపాడే వలలకు హిమాచల్ ప్రభుత్వం సబ్సిడీ ఇస్తోంది. కాపాడిన కాయ రోడ్డుకు చేరడానికి పనికొచ్చే లాకర్‌కో, చెయిన్లకో అందులో వందో వంతు ఆలోచన పెట్టినా దండగ కాదు.

ఆ రోజు మలుపులో ఇరుక్కున్న పికప్ చివరకు ఎక్కింది. ఎలాగంటే, తోటలో పనిచేసే నలుగురు నేపాలీ కూలీలు దిగివచ్చి తొట్టిలో, వెనక చక్రాల మీద నిలబడ్డారు. మరో ఇద్దరు వెనక నుంచి తోశారు. చక్రం రాళ్లను పట్టుకుంది, బండి ఒక్క కుదుపుతో ముందుకు దూకింది. అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ కుదుపు వెనక్కి వచ్చి ఉంటే లోయవైపు ముందుగా పడేది వాళ్లే. ఇసుక బస్తాలు చేయాల్సిన పని మనుషులు చేస్తున్నారు, బస్తా కన్నా మనిషి చవక కాబట్టి. పికప్ వెనక యాక్సిల్‌కు పట్టు కావాలనేది బండి సమస్య మాత్రమే కాదు.